తువ్వాలు కింద చిటికెన వేలు

ఆ రోజు తువ్వాలు కింద ఆమె పట్టుకున్నది నా చిటికెన వేలు. బయటికొచ్చి నాన్నతో నేను బొటనవేలని చెప్పాను. పొరపాటున కాదు, తెలిసే చెప్పాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి రోజూ డైరీ రాసే నేను ఆ రోజు పేజీలో ‘ఎండ ఎక్కువ. కారు బుక్ చేశాం’ అని మాత్రం రాసి మూసేశాను.

పోయిన సోమవారం పొద్దున నాన్న ఇడ్లీ తింటూ ఫోనెత్తాడు. “ఎప్పుడు?” అని ఒక్క మాట అడిగి, సగం తిన్న ప్లేట్లోనే చెయ్యి కడుక్కున్నాడు. “బొల్లాపల్లి అక్క పోయిందంట. గుండె ఆగిందంట” అని నాయనమ్మకు చెప్పి, పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయాడు. సైటు నుంచి ఫోన్లు వస్తున్నా తీయలేదు. తలుపు దగ్గర నిలబడి ఆయన వీపు చూస్తుంటే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. నాన్న నా కోసం ఎప్పుడైనా తినే ప్లేటు వదిలేశాడా అన్న ఆలోచన. చచ్చిపోయిన మనిషి మీద కూడా అసూయ పడొచ్చని ఆ పొద్దునే తెలిసింది.

ఆమె మాకు చుట్టం కాదు. నాన్న అక్క అనేవాడు, నేను అత్తా అనేదాన్ని. బొల్లాపల్లి నుంచి మిరపకాయ కోతలకు కూలీలను జీపులో తోలేది. నాన్న మేస్త్రీగా ఉన్న రోజుల్లో ఆయన కూలీలను కూడా ఆమే తోలింది. తర్వాత నాన్న సొంతంగా ఇళ్ళు కట్టించే కాంట్రాక్టులు పట్టాడు, ఆమె జీపు అమ్మేసింది. కానీ పని మానలేదు. వినుకొండ నుంచి గురజాల దాకా ఎవరు బండి కొనాలన్నా ముందు ఆమెను తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కావచ్చు, కొత్త కారు కావచ్చు.

ఆమె నాన్న ఎడ్ల సంతల్లో దళారీ. పళ్ళు, గిట్టలు, సుడులు చూసి ఎద్దు సంగతి చెప్పేవాడట. అమ్మేవాడి ఎదురుగా నోటితో ఏమీ చెప్పేవాడు కాదు. భుజం మీది తువ్వాలు కొనేవాడి చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకుని చెప్పేవాడు. ఆయన పోయాక ఆ పనీ, ఎర్ర గళ్ళ తువ్వాలూ రెండూ ఈమెకు వచ్చాయి. ఎడ్ల బదులు బండ్లు, అంతే తేడా. చిటికెన వేలు పట్టుకుంటే వద్దని. బొటనవేలు పట్టుకుంటే తీసుకోమని.

“మంచిదంటే అమ్మేవాడు రేటు దిగడు. చెడ్డదంటే ఏడుస్తాడు. మధ్యన మనకెందుకు పాపం?” అనేది.

అయితే మగవాళ్ళ చెయ్యి పట్టుకునేది కాదు. అందుకని ఆమెకో షరతు ఉండేది. కొనే ఇంటి ఆడమనిషి వెంట రావాలి. భార్యో, తల్లో, కూతురో ఎవరో ఒకరు. ఈమె ఆ ఆడమనిషి వేలు పట్టుకుంటుంది, ఆ వేలి సంగతి ఆమె తన నోటితో మగవాళ్ళకు చెప్పాలి. ఒకసారి మాచర్ల నుంచి ఒకాయన ఒక్కడే వస్తే, “ఇంట్లో ఆడోళ్ళు లేరా? వాళ్ళు ఎక్కరా బండి?” అని అడిగి తిప్పి పంపిందట. నాన్న ఈ మాట చెప్పి పగలబడి నవ్వేవాడు.

నాకు కడుపు మండేది అక్కడే. మా ఇంట్లో నాన్న పది మాటలు మాట్లాడితే ఆరు అన్నం గురించే ఉంటాయి. ఆమె గడప దగ్గర చెప్పులు విడుస్తుంటేనే ఆయన ముఖం వెడల్పయ్యేది. “రా అక్కా, రా రా” అంటూ తన కుర్చీ ఇచ్చేవాడు. నైలాను చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, కుడిచేతికి వాచీ పెట్టుకుని, ఆ కుర్చీలో కాలు మడిచి కూర్చునేది. నాయనమ్మ ఆమె గడ్డం పట్టుకుని, “దీనికున్న చురుకు మా వాళ్ళకెవరికీ లేదే” అనేది. అక్కడ ‘మా వాళ్ళు’ అంటే నేనే. ఇంట్లో ఇంకో ఆడపిల్ల లేదు.

కారు కొనాలని నాన్న అనుకున్నప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా మూడు నెలలు చదివాను. నరసరావుపేటలో ఒక కాలేజీ ఆఫీసులో నాకు చిన్న ఉద్యోగం. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తింటూ కార్ల సంగతులు చదివి డైరీ వెనక పేజీల్లో పట్టిక గీసుకునేదాన్ని. మా బడ్జెట్‌లో వచ్చే చిన్న ఎస్‌యూవీలన్నీ అందులో ఉన్నాయి. నేల నుంచి ఎంత ఎత్తు, వెనక ముగ్గురు పడతారా, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, లీటరుకు నిజంగా ఎంత వస్తుంది, సర్వీసు ఎక్కడ, అన్నీ రాశాను. చివరికి రెండు మిగిలాయి. రెండూ నరసరావుపేటలో ఒకే షోరూంలో ఉన్నాయి. ఒకటి తెల్లది. ఎత్తుగా, సాదాగా ఉంటుంది, గేర్లు చేత్తో మార్చాలి. రెండోది నీలంది. కాస్త కిందికి, సోకుగా ఉంటుంది, దానికి క్లచ్ లేదు.

నా పట్టికలోనూ తెల్లదే గెలిచింది. అది దాచను. కానీ పట్టికలో నేను పెట్టని గడి ఒకటుంది. నాకు నడపాలని ఉంది.

నా జీతంతో డ్రైవింగు స్కూల్లో చేరి నేర్చుకున్నాను. లైసెన్సు కూడా వచ్చింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఐడీ కార్డుకి పనికొస్తది” అన్నాడు. డైరీ అట్ట లోపల దాచుకున్నాను. నేర్చుకునే రోజుల్లో ఒకసారి బస్టాండు మలుపులో క్లచ్ వదలడం రాక బండి ఆగిపోయింది. వెనక రెండు బస్సులు, ముందు చెరుకు రసం బండి, అందరూ నన్నే చూశారు. అప్పటి నుంచి ఎడమ పాదం చూసుకుంటేనే భయం. క్లచ్ లేని బండైతే పొద్దున నాన్నను సైటు దగ్గర దింపి నేనే కాలేజీకి పోవచ్చని ఊహించుకునేదాన్ని. ఊహలో నాన్న నా పక్క సీట్లో కూర్చుని ఏదో చెబుతుండేవాడు.

షోరూంకి వెళ్ళేముందు రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. నేను గబగబా మూసిన డైరీ చూసి, “ఏం రాస్తున్నావే ఆ పుస్తకంలో?” అంది.

“ఏం లేదత్తా.”

“ఏం లేనిదానికి అంత లావు పుస్తకమా?”

నాన్న నవ్వాడు. “అది అంతే అక్కా. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటది. రేపు నువ్వేం చెబితే అదే కొంటా.”

మూడు నెలల పట్టిక నా ఒళ్ళోనే ఉంది. ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు.

మర్నాడు నాన్న, నాయనమ్మ, నేను వెళ్ళాం. అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. షోరూంలో అత్త చీర మీది చొక్కా విప్పి మడిచి సంచిలో పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని తెల్ల కారు చుట్టూ ఒకసారి తిరిగింది. దేన్నీ ముట్టుకోలేదు. షోరూం అబ్బాయి ముందు తలుపు తీసి, “డ్రైవర్ సీట్లో కూర్చోండి మేడమ్” అన్నాడు.

“డ్రైవర్ సీటు ఏ బండిలోనైనా బాగానే ఉంటదిలే. ఇంటి సంగతి వెనక సీట్లో తెలిసిద్ది” అని వెనక తలుపు తీసింది. ముందు నాయనమ్మను ఎక్కమంది. పట్టుకోబోయిన నాన్నను ఆపింది. “నువ్వు పట్టుకుంటే ఏనుగన్నా ఎక్కిద్ది. దాన్నే ఎక్కనీ.” నాయనమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఊపిరి బిగబట్టి ఎక్కేసింది. తర్వాత ఈమె ఎక్కి నడిమిన కూర్చుంది. అక్కడ ఎవరూ కూర్చోరు, ఆ సీటు గురించి ఎవరూ రాయరు. నా పట్టికలోనూ లేదు.

డిక్కీ తెరిపించి, “గ్యాస్ బండ నిలబడిద్దా, పడుకోబెట్టాల్నా?” అని అడిగింది. ఆ అబ్బాయి డిక్కీ ఎన్ని లీటర్లో చెప్పాడు.

“నేను అడిగింది నీళ్ళ ట్యాంకు గురించి కాదు నాయనా.”

నీలం కారు దగ్గరికి వచ్చేసరికి అతనికి హుషారు వచ్చింది. “దీనికి సన్‌రూఫ్ ఉంది మేడమ్!”

“మన పల్నాడు ఎండకి నెత్తి మీద కిటికీ దేనికిరా? అప్పడాలు ఎండబెట్టుకోనా?”

“మైలేజీ కూడా చానా ఎక్కువ మేడమ్.”

“ఆ కాగితం మీద మైలేజీ పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటిది. ఇంటికొచ్చాక తెలిసిద్ది. స్పేరు టైరు ఏడుందో చూపించు.”

పక్క కార్లు చూడటానికి వచ్చిన వాళ్ళు కూడా మా చుట్టూ చేరారు. అందరూ నవ్వుతున్నారు. నాన్న అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాడు. నాకు ఆ షోరూం అబ్బాయి చేతి కాగితంలో ఉన్న ప్రతి అంకె తెలుసు. ఆమెకు ఒక్కటీ తెలియదు. అయినా ఆమె చెబుతున్నది నా పట్టికతో కలుస్తూనే ఉంది. నేను మూడు నెలలు కూర్చుని తెలుసుకున్నది ఆమె మూడు నిమిషాలు నడిమి సీట్లో కూర్చుని చెప్పేస్తోంది. కలవకపోయినా బాగుండును, ఆమెకేం తెలుసు అనుకునేదాన్ని.

నీలం కారులో నాయనమ్మ తల పైన తలుపు అంచుకు తగిలింది. “అబ్బ” అని తడుముకుంది. అత్త అది చూసింది. రెండు బండ్లనూ తోలి చూసింది. మంచి రోడ్డు మీదికి పోనిమ్మని అబ్బాయి అంటుంటే వినకుండా మిల్లుల వెనక గుంతల సందులోకి పోనిచ్చింది. కాలవ వంతెన ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించింది. సందులో నీలం కారు అడుగు ఒకచోట బర్రున గీసుకుంది. అదీ వింది.

తిరిగొచ్చాక రెండు కార్ల ముందూ నన్ను నిలబెట్టి తువ్వాలు కప్పింది. ఆమె చెయ్యి స్టీరింగు పట్టి పట్టి చెక్కలా గట్టిపడి ఉంది, కానీ వెచ్చగా ఉంది. తెల్లదాని ముందు నా బొటనవేలు పట్టుకుంది. నీలందాని ముందు చిటికెన వేలు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బేరం దగ్గర ఎప్పుడూ ఉండేది కాదు, షోరూంలో టీ కూడా తాగేది కాదు. “అమ్మేవాడి టీ తాగితే నాలుక వంగిపోద్ది” అనేది.

నాన్న నా దగ్గరికి వచ్చాడు. “ఏమందే అక్క?”

ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. నా నోటి నుంచి ఏం వస్తుందా అని అంత ఆత్రంగా నాన్న నావైపు చూడటం అదే మొదటిసారి. కానీ ఆ చూపు నాది కాదు, ఆమెది. నేను మధ్యలో ఉన్న గొట్టాన్ని.

“నీలందానికి బొటనవేలు నాన్నా.”

“అట్నా? తెల్లదానికి?”

“చిటికెన వేలు.”

ఆయన ఒక్క క్షణం తల గోక్కున్నాడు. “తెల్లదే బాగుందనుకున్నానే. సరే, అక్క చెప్పిందంటే ఏదో ఉంటది.”

నీలం కారు ఇంటికి వచ్చిన మూడో రోజు ఆమె వచ్చింది. గేటు దగ్గర ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వసారాలో నిలబడ్డ నన్ను చూసింది. ఆమె నాన్నను ఒకటే అడిగింది.

“తాళం చెవి ఎవరి దగ్గరుంటది?”

“నా దగ్గరే అక్కా. ఇంకెవరున్నారు తోలేవాళ్ళు?”

“ఊఁ” అంది. కాఫీ తాగి వెళ్ళిపోయింది.

తర్వాత జరిగినవన్నీ చిన్నవే. నాయనమ్మ కారెక్కినప్పుడల్లా తల కొట్టుకునేది. కొన్నాళ్ళకు గుడికి కూడా ఆటోలోనే పోతానంది. బొల్లాపల్లి వైపు సైటుకు పోయే దారిలో రాళ్ళు అడుగున గీసుకునేవి. సిమెంటు సంచులు రెండు వేస్తే వెనక కుంగేది. క్లచ్ లేని బండి నాన్నకు అలవాటు కాలేదు. ఎడమ కాలు ఊరికే నేలను తొక్కేది. ఒక రోజు అమ్మ నా తరఫున, “పిల్లకు లైసెన్సు ఉందిగా, ఇవ్వరాదూ” అంటే, “ఈ బండి నాకే అర్థం కాటంలా, దానికేం ఇస్తా?” అన్నాడు. నేను ఏ కారణం కోసం అబద్ధమాడానో ఆ కారణం అలా పోయింది.

నాన్న టీ కొట్టు దగ్గర, “అక్కకి చూపు తగ్గిందిరా” అన్నాడు. చెడ్డగా అనలేదు, జాలిగా అన్నాడు. కానీ మా ఊళ్ళల్లో జాలి మాట తిట్టు కంటే తొందరగా నడుస్తుంది. గురజాలలో ఒకాయన ఆమెను రమ్మని చెప్పి మళ్ళీ వద్దన్నాడట, ఫోన్లో వీడియోలు చూసి కొనుక్కుంటానన్నాడట. ఆ మాట విన్న రోజు నాకు ముందు సంతోషమే కలిగింది. తర్వాతే సిగ్గేసింది. ఆ వరస మార్చి రాస్తే బాగుంటుంది గానీ, జరిగింది ఈ వరసలోనే.

ఆమె మాత్రం ఎక్కడా నోరు విప్పలేదు. ఆ పిల్ల అబద్ధం చెప్పిందని ఒక్క మాట అంటే నాన్న నమ్మేవాడు. నాకంటే ఆమెనే నమ్మేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

పోయిన చలికాలంలో నరసరావుపేట బస్టాండులో కనిపించింది. సాయంత్రం మా ఊరు రొంపిచర్ల పోయే బస్సు కోసం బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆమెను చూసి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

“దించు, దించు. నువ్వేనని తెలుసులే” అంటూ వచ్చి పక్కన కూలబడింది. బాగా చిక్కిపోయింది. వాచీ మోచేతి వైపు జారుతోంది. “కారుండగా బస్సేందే?”

“నాన్న సైటుకి తీసుకెళ్ళాడత్తా.”

“మీ నాయనమ్మ బాగుందా?”

“బాగుంది. తల కొట్టుకుంటది, ఎక్కినప్పుడల్లా.”

“కొట్టుకోక ఏం చేసిద్ది?” అని గట్టిగా నవ్వింది. అటూ ఇటూ జనం చూశారు. నవ్వుతూనే భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పింది. బస్టాండులో, అంత మందిలో. “ఏ వేలు?”

“చిటికెన వేలు.”

“ఇప్పుడు?”

“బొటనవేలు.”

“ఇది?”

మళ్ళీ చిటికెన వేలే. చెప్పాను. ఆమె నా వేలు వదల్లేదు.

“నీకు వేళ్ళు బాగానే తెలుసే” అంది. “నేనే ముసలిదాన్నయి ఒకదానికొకటి పట్టుకున్నానేమోనని చానా రోజులు నా చెయ్యి నేనే చూసుకున్నా.”

కోపం లేదు ఆ గొంతులో. పోయిన వస్తువు ఇంట్లోనే దొరికినప్పుడు మనిషి గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది. తప్పు నాదేనని ఆమెకు కూడా నేను చెప్పలేదు, ఆమే పట్టుకుంది. నేను అన్నది వేరే మాట. ఎవరితోనూ అనని ఇంకో మాట.

“నాకు నడపాలనుంది అత్తా. క్లచ్ అంటే భయం. అందుకని...”

“మరి నడిపావా?”

“తాళం ఇవ్వలేదు.”

“అడిగావా?”

వినుకొండ బస్సు వచ్చింది. ఆమె తువ్వాలు దులుపుకుని లేచింది.

రేపు ఆమె పెద్దకర్మ. కారులోనే పోదామని నాన్న అన్నాడు. నాయనమ్మ తలకు దెబ్బ తగిలినా సరే వస్తానంది. బొల్లాపల్లి దాకా గంట పైనే ప్రయాణం. ముందు సీట్లో నాన్న పక్కన నేను కూర్చుంటాను. ఆమె వాకిట్లో జనం ఉంటారు. నాన్న ఆమె మంచితనం గురించి చెబుతాడు. చివర్లో ఎవరో ఒకరు ఆ చూపు మాట ఎత్తుతారు, నాన్న తలూపుతాడు. ఆయన తలూపక ముందే, ఆ గంటలోనే, ఆ చూపుకేమీ కాలేదని ఆయనకు తెలియాలి. ఈ రాసిందంతా నాన్నకు చదవమని ఇద్దామనుకున్నాను. ఆయన కళ్ళద్దాల కింద పెట్టి కాలేజీకి వెళ్ళిపోవచ్చు. తర్వాత అది కుదరదనిపించింది. లైసెన్సు మాత్రం డైరీ అట్టలోంచి తీసి, రేపు కట్టుకోబోయే చీర మీద పెట్టుకున్నాను.

బస్టాండులో ఆ సాయంత్రం కండక్టరు “ఎక్కమ్మా, ఎక్కు” అని అరుస్తున్నాడు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగింది.

“అది నాకు చెప్పి ఏం లాభమే? మీ నాన్నకి చెప్పు. తువ్వాలు లేకుండా చెప్పు.”